నెమ్మది బావ లారీలో మంచు

ఆ రోజుల్లో నేను చొక్కా జేబులో రెండు పెన్నులూ, ఒక టెస్టరూ పెట్టుకుని తిరిగేవాణ్ణి. లారీలు బాగుచేసే షెడ్డులో ఆ టెస్టర్‌తో చేసే పనేమీ ఉండదు (ఇంట్లో ప్లగ్గులో కరెంటు ఉందో లేదో చూసుకునే మామూలు టెస్టరు అది). కానీ అది జేబులో ఉంటే మనిషి ఇంజనీరులా కనిపిస్తాడని నా నమ్మకం. డిప్లొమా చేతికొచ్చిన మొదటి ఆరు నెలల్లో మనిషికి ఉండే తెలివి మళ్ళీ జన్మలో ఉండదేమో. ఏ ప్రశ్నకైనా జవాబు నాలుక చివరే ఉంటుంది. ఎదుటివాడు ప్రశ్న పూర్తిచేసేదాకా ఆగడమే కష్టం. అలా ఆగలేకపోయినందుకు ఒక పెద్దమనిషికి నా వల్ల జరిగిన అన్యాయం ఇది. ఎవరికి చెప్పినా నవ్వుతూనే మొదలుపెడతాను. సగం దాకా వచ్చేసరికి వినేవాళ్ళు నవ్వుతూ ఉంటారు, నేనుండను.

మాది తణుకు దగ్గర. నాన్నకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి నా చిన్నప్పుడే విశాఖపట్నం వచ్చేశాం. గాజువాక పక్కన ఒక ట్రాన్స్‌పోర్టు షెడ్డులో నాకు పని దొరికింది. పన్నెండు లారీలు, ఒక వేపచెట్టు నీడ, ఒక రేకుల షెడ్డు. ప్లాంటు నుంచి ఉక్కు చుట్టలు పోర్టుకి చేరవేయడం ఆ లారీల పని. నా హోదా ‘మెయింటెనెన్స్ ఇంజనీరు’. నిజానికి అక్కడ బళ్ళు బాగుచేసేది పెద్ద మేస్త్రి. ఏ బడికీ వెళ్ళకపోయినా, బండి గేటులోకి వస్తుంటేనే చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేసేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను రిజిస్టరు రాసుకుంటూ కూర్చున్నాను. ఒక వానాకాలం ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ పడింది. నెల్లాళ్ళు రాడన్నారు. ఆ మాట విని లోపల్లోపల ఎంత సంతోషించానో ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గేస్తోంది. మొదటి రోజే టెస్టరు తుడిచి జేబులో పెట్టుకున్నాను.

సరిగ్గా ఆ నెలలోనే ఓనరు గారు ఒక పాత లారీ కొన్నారు. ఎక్కడో హిమాచల్ కొండల్లో యాపిల్ పళ్ళు మోసిన బండి. దాని జీవితమంతా చలిలోనే గడిచింది. విశాఖపట్నం ఉక్కపోత దానికి కొత్త, అది మాకు కొత్త. డ్యాష్‌బోర్డు మీద సగం ఎరుపు, సగం నీలం రంగులున్న ఒక మీట ఉండేది. ఎడమవైపు సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట, పైన ఒక రేకు పెట్టె బిగించి ఉండేది. “ఇదేటి బాబూ?” అని డ్రైవరు అడిగితే, క్షణం కూడా ఆలోచించకుండా “స్పీకర్ పెట్టె. టేప్ రికార్డర్ ఊడదీసి అమ్ముకుని ఉంటారు. ఆ మీట సౌండ్ పెంచడానికి” అని చెప్పాను. అందులో స్పీకరు ఉందో లేదో వంగి చూస్తే తెలిసిపోయేది. చూడలేదు. తెలిసినవాడికి చూడాల్సిన అవసరం ఏముంటుంది?

ఆ డ్రైవర్ని షెడ్డులో అందరూ నెమ్మది బావ అనేవారు. భీమిలి దగ్గర పల్లె ఆయనది. యాభై అయిదేళ్ళుంటాయి. ఖాళీ లారీని కూడా పెళ్ళిపల్లకీ మోసుకెళ్తున్నట్టు తోలేవాడు. పొద్దున్న బండి ఎక్కేముందు సింహాచలం కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకునేవాడు. టీ కూడా తాగడు, తాగుడు సంగతి చెప్పక్కర్లేదు. వయసులో మా నాన్న కన్నా పెద్ద. అయినా నేను ఆయన్ని ‘నువ్వు’ అనేవాణ్ణి (ఇంజనీరుని కదా). ఆయన మాత్రం నన్ను ఏనాడూ ‘బాబూ’ అని తప్ప పిలవలేదు.

ఆ లారీ వచ్చిన వారానికి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. అంటే రేడియేటర్లో పోసిన నీళ్ళు తగ్గిపోయేవి. కొన్నప్పుడే అందులో ఆకుపచ్చ కూలెంటు (ఇంజను వేడెక్కకుండా నీళ్ళలో కలిపే మందు) కలిపి ఉంది. పొద్దున్న మూతిదాకా నింపితే సాయంత్రానికి జానెడు దిగిపోయేది. కింద చూస్తే ఒక్క చుక్క తడి ఉండదు. గొట్టాలన్నీ పొడిగా ఉన్నాయి. రేడియేటర్ మూతి దగ్గర చేతిపంపు బిగించి గాలి కొట్టి చూశాను. పంపు మీద ముల్లు మెల్లగా కిందికి దిగింది, అంటే ఎక్కడో కారుతోందన్నమాట. బయట ఎక్కడా కారడం లేదు. బయట లేకపోతే లోపల ఉండాలి. లోపల అంటే ఇంజనే కదా! హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పై మూత కింద వేసే పట్టీ) పోయింది, నీళ్ళు ఇంజన్లోకి దిగి ఆవిరైపోతున్నాయి అని నా నోట్‌బుక్కులో రాసి, కింద రెండు గీతలు గీశాను. అలాగే అయితే ఇంజన్ ఆయిలు పాలటీ రంగులోకి మారాలి, మారలేదు. సైలెన్సర్ తెల్లటి పొగ వదలాలి, వదల్లేదు. ఈ రెండూ మా పుస్తకంలో ఉన్నాయి. ఆ పేజీ పరీక్షలో రాదని ఎవరో చెబితే వదిలేశాను.

నెమ్మది బావ పాపం తనకి తెలిసింది చెప్పడానికి మూడు సార్లు వచ్చాడు. మొదటిసారి, “బాబూ, కాళ్ళకి ఏడిగాలి తగుల్తంది. ఆ రేకు పెట్టెలోంచే వత్తంది” అన్నాడు. “విశాఖపట్నంలో వేడిగాలి తగలనివాడెవడు? మా ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నా తగులుతోంది” అన్నాను. అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా నచ్చింది. రెండోసారి, “అద్దమ్మీద మంచు పడతంది బాబూ. బయట కాదు, లోపలే. గుడ్డెట్టి తుడిస్తే జిడ్డుగా మరకలైపోతంది. ఎదర ఏటీ అవుపడట్నేదు” అన్నాడు. “బండి హిమాచల్‌ది కదా, వస్తూ వస్తూ మంచు కూడా తెచ్చుకుందేమో” అన్నాను. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వారు. ఆయన కూడా మర్యాదకి ఒక నవ్వు నవ్వి వెళ్ళిపోయాడు. ఆయన రోజూ మధ్యాహ్నం ఎడమవైపు సీటు ముందు పరిచిన కొబ్బరిపీచు పట్టా తీసి ప్రహరీగోడ మీద ఆరేసేవాడు. నేను రోజూ చూసేవాణ్ణి. ఎంత శుభ్రమైన మనిషి, రోజూ పట్టా ఉతుక్కుంటున్నాడు అనుకున్నాను. ఉతకని పట్టా ఎందుకు తడుస్తోందో అడగాలని తోచలేదు.

మూడోసారి వచ్చినప్పుడు షెడ్డులో పదిమందికి పైగా ఉన్నారు. టీ టైము. నేను గ్లాసు పట్టుకుని నిలబడి హెడ్ గ్యాస్కెట్ గురించి ఉపన్యాసం ఇస్తున్నాను. ఆయన పక్కన నిలబడి, నా మాట అయ్యేదాకా ఆగి, “మరొకటి బాబూ. కేబిన్లో తియ్యటి వోసనొత్తంది. అనకాపిల్లి బెల్లం వొండినప్పుడొత్తాది సూడు, అలాగ. తలకాయ తిరిగిపోతంది” అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టాను. “తియ్యటి వాసనా? తల తిరగడమా? ఏదీ, ఒకసారి ఇలా రా. నా మొహం మీద ఊదు” అన్నాను.

షెడ్డు ఘొల్లుమంది. రేకుల మీద వాన పడినట్టు నవ్వారు. నెమ్మది బావ ఒక్క క్షణం నా వైపు చూశాడు. మొహంలో కోపం కనబడలేదు. తనతోనే ఆ మాట అన్నానా అన్నట్టు చూశాడు. తర్వాత నిజంగానే రెండడుగులు ముందుకొచ్చి, నా మొహం మీద ఊదాడు. జీలకర్ర వాసన వచ్చింది. “నేదు కదా బాబూ?” అన్నాడు. “సరే సరే, పో” అన్నాను. నవ్వించడమైతే వచ్చింది గానీ, ఆ తర్వాత ఏమనాలో నాకు రాలేదు.

మర్నాడే హెడ్డు విప్పించాను. మూడు రోజులు బండి షెడ్డులోనే ఉంది. విప్పి చూస్తే గ్యాస్కెట్ కొత్త పెళ్ళికూతురిలా ఉంది. అయినా విప్పినవాడు ఒట్టి చేతులతో ఎలా మూస్తాడు? కొత్తది వేయించి మూయించాను. బండి బయల్దేరింది. సాయంత్రానికి రేడియేటర్లో నీళ్ళు మళ్ళీ జానెడు తక్కువ. ఆ సంగతి రిజిస్టర్లో రాయలేదు.

ఆ తర్వాత రెండు రోజులకి పెద్ద వాన. పోర్టు రోడ్డులో మలుపు తిరుగుతూ నెమ్మది బావ లారీ పక్కన ఆగి ఉన్న ట్రైలరుని రాసుకుపోయింది. మనుషులకేమీ కాలేదు. ఎడమవైపు తలుపు మడతపడి, దాని అద్దం పగిలింది. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేతిలో బండికి గీత పడటం అదే మొదటిసారి. ఓనరు గారు నన్ను పిలిచారు. ఆయనది కృష్ణా జిల్లా, మాటలో ఖచ్చితం ఎక్కువ. నెమ్మది బావ గుమ్మం పక్కన తడిచిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. “ఏవయ్యా, ఇతనేమో అద్దం మసకేసి కనబడలేదంటున్నాడు. బండిలో లోపముందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు” అన్నారు. ఉందంటే మూడు రోజులు ఇంజను ఎందుకు విప్పానో చెప్పాలి. నేను జేబులో పెన్ను సర్దుకుని, “బండిలో ఏ లోపమూ లేదు సార్” అన్నాను.

ఓనరు గారు నెమ్మది బావ వైపు తిరిగి, “ఏదో వాసనా, తల తిరగడమూ అని కూడా అంటున్నావంటగా? ఊదించారంటగా నిన్ను?” అన్నారు. నేను వేసిన జోకు అక్కడిదాకా వెళ్ళిందని నాకు తెలీదు. నవ్వు కోసం అన్నాను, నిజంగా ఏమీ లేదు సార్ అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. నేల చూస్తూ నిలబడ్డాను. “వయసైపోయింది, ఇంక ఇంటిపట్టున ఉండు” అన్నారాయన. అంతే. నెమ్మది బావ లారీలోంచి అప్పన్న పటం, నీళ్ళ సీసా, కొబ్బరిపీచు పట్టా తీసుకున్నాడు. వెళ్తూ నా దగ్గర ఆగి, “బండి జాగర్త బాబూ. రోజూ నీళ్ళు సూసుకో. తగ్గిపోతన్నాయి, ఎక్కడికెల్తన్నాయో నాకైతే తెలట్నేదు” అని చెప్పి వెళ్ళాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆ ఆదివారం పెద్ద మేస్త్రిని చూడ్డానికి బత్తాయిలు పట్టుకుని వెళ్ళాను. చూడ్డానికి అన్నది పైకి. హెడ్డు విప్పిన సంగతి చెప్పి శభాష్ అనిపించుకోవాలన్నది లోపల. ఆయన ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. అంతా విని, “సరే. బండి తోల్నోడు ఏటన్నాడు?” అన్నాడు. “ఏముంది, కాళ్ళకి వేడంటాడు, లోపల మంచంటాడు, బెల్లం వాసనంటాడు” అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఉన్న ఒక్క కన్నూ నా మీదే పెట్టి, “కింద పడుకున్నావు, బానెట్టెత్తి సూసినావు, ఇంజను కోసినావు. ఒక్కపాలి కేబిన్లో కూకున్నావా?” అన్నాడు. నేను బత్తాయిల సంచీ సర్దాను. “రేపెల్లి కూకో. ఎడం పక్క” అన్నాడు, బత్తాయి ఒలుచుకుంటూ.

మర్నాడు ఆ బండికి పోర్టు బదులు ఎలమంచిలి లోడు పడితే, కొత్త డ్రైవరు పక్కన ఎక్కి అక్కడిదాకా వెళ్ళాను. అనకాపల్లి దాటకముందే నాకు అన్నీ తెలిసిపోయాయి. ముందు కాళ్ళకి వేడిగాలి. తర్వాత ఎడమకాలి మేజోడు తడి. వంగి చూస్తే రేకు పెట్టె అడుగు నుంచి ఆకుపచ్చ చుక్కలు, ఒకటి తర్వాత ఒకటి, తీరిగ్గా పడుతున్నాయి. ముక్కులో పాకం వాసన. వాన మొదలవగానే అద్దం లోపలివైపు పొగ కమ్మినట్టు తెల్లగా అయిపోయింది. వేలితో రాస్తే జిడ్డు. “ఏటి సార్ ఇది, మంచేటి?” అన్నాడు కొత్త డ్రైవరు. మంచు! అచ్చం అదే మాట. నేను తడిసిన కాలు పైకి ముడుచుకున్నాను.

తిరిగొచ్చాక చూడాల్సినట్టు చూశాను. ఇంజన్ నుంచి రెండు సన్నటి గొట్టాలు కేబిన్ గోడలోకి వెళ్తున్నాయి. వాటిని అంతకుముందు పదిసార్లు చూశాను గానీ, ఎక్కడికి వెళ్తున్నాయని అనుకోలేదు. అవి వెళ్ళేది నా ‘స్పీకర్ పెట్టె’లోకే. అది హీటరు. కొండల్లో చలికి డ్రైవర్లు గడ్డకట్టకుండా, ఇంజన్లో కాగిన నీళ్ళని ఒక చిన్న రేడియేటర్లోంచి తిప్పి, ఆ వేడిని కేబిన్లోకి ఊదే ఏర్పాటు. ఆ చిన్న రేడియేటరు తుప్పుపట్టి చిల్లు పడింది. నేను సౌండ్ పెంచేదన్న మీట వేడి పెంచేది. రెండు గొట్టాలూ పెట్టెలోంచి ఊడదీసి, ఒకదానికొకటి కలిపి క్లిప్పులు బిగించి, మళ్ళీ చేతిపంపు కొట్టాను. ముల్లు ఎక్కడ పెడితే అక్కడే నిలబడింది. పావుగంట పని. మూడు రోజులు ఇంజను విప్పి పారేసినవాణ్ణి, పావుగంట పనికి ఒక మనిషి పొట్ట మీద కొట్టినవాణ్ణి, ఆ ముల్లు వైపు చూస్తూ కూర్చుండిపోయాను.

కానీ అసలు తప్పు ఆ తర్వాత చేశాను. ఓనరు గారు వచ్చి ఆ తుప్పు రేడియేటరు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, “విశాఖపట్నంలో హీటరు! ఎవడికి తోస్తుందయ్యా ఇది? ఇంజనీరంటే నువ్వే” అని భుజం తట్టారు. ‘నాకు తోచలేదండి, నెమ్మది బావ మూడు సార్లు చెప్పాడు’ అన్న మాట గొంతుదాకా వచ్చింది. “థాంక్యూ సార్” అన్నాను.

పది రోజులు అలాగే గడిచాయి. అన్నం సయించలేదు అని రాస్తే బాగుంటుంది గానీ, సయించింది. నిద్రా పట్టింది. కాకపోతే ఎవరు గట్టిగా నవ్వినా నన్ను చూసే అనిపించేది. పదకొండో రోజు ఓనరు గారి దగ్గరికెళ్ళి జరిగింది చెప్పేశాను. ఆయన విని, “అలాగా. పోన్లే, ఈ కొత్తవాడు చురుగ్గా తోలుతున్నాడుగా” అని ఫోను అందుకున్నారు. ఇంక ఆ షెడ్డులో నెమ్మది బావకి చోటు లేదని అర్థమైంది. ఆ చిల్లుపడ్డ హీటరుని పేపర్లో చుట్టుకుని భీమిలి బస్సెక్కాను. (ఆ పార్సిల్ ఏమిటని కండక్టరు అడిగితే ‘సాక్ష్యం’ అన్నాను. ఆయన కొంచెం దూరంగా జరిగాడు.)

నెమ్మది బావ ఒడ్డున చేపల బుట్టలు చిన్న వ్యానులోకి ఎత్తిస్తున్నాడు. అది తోలడమే ఇప్పుడు ఆయన పని. నేను పేపరు విప్పి, జరిగినదంతా తడబడుతూ చెప్పాను. మొదటిసారి ‘మీరు’ అన్నాను. ఆయన హీటరుని ముక్కు దగ్గర పెట్టుకుని, “ఇదే వోసన” అన్నాడు. దాన్ని నా చేతికిచ్చి, “బాబూ, ఒక్క పని సేత్తావా? మా ఇంటికొచ్చి ఈ మాట మా ఆడమనిషికి సెప్పు. ఊదించినారన్న కబురు నాకన్నా ముందే ఊరొచ్చేసింది” అన్నాడు.

వెళ్ళాను. అరుగు మీద ఆవిడ ఎండుచేపలు ఏరుతోంది. చుట్టుపక్కల ముగ్గురు నలుగురు చేరారు. వాళ్ళందరి ముందూ హీటరు చూపించి, చిల్లు చూపించి, నీళ్ళు ఎలా వస్తాయి, ఆవిరి ఎలా అద్దానికి పడుతుంది, ఆ కూలెంటు ఎందుకు తియ్యగా వాసనేస్తుంది, మొత్తం పాఠం చెప్పాను. జీవితంలో నేను బాగా చెప్పిన పాఠం అదొక్కటే. ఆవిడ చేతులాపకుండా విన్నది. “ఆయన తాగడని నాకు తెల్దేటి బాబూ? ముప్పయ్యేళ్ళు కాపరం సేసినాను. నాకెందుకు సెప్తన్నావు?” అంది. తర్వాత తలెత్తి, “నవ్వినోళ్ళకి సెప్పినావా?” అని అడిగింది.

మర్నాడు టీ టైముకి చెప్పాను. అప్పుడు నవ్విన పదిమందిలో అయిదుగురే ఉన్నారు, మిగతావాళ్ళు లోడుకి వెళ్ళారు. హీటరు సంగతి మొదలుపెట్టగానే ఇదీ ఒక జోకే అనుకుని నవ్వారు. నేను చెప్పడం పూర్తయ్యేసరికి ఎవరూ నవ్వలేదు, గ్లాసులు పెట్టేసి ఎవరి పనికి వాళ్ళు పోయారు. చెప్పేస్తే మనసు కొంచెం తేలికపడుతుందనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు.

కొన్నేళ్ళకి ఆటోనగర్లో నేనే సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాను. ప్రారంభానికి రమ్మని నెమ్మది బావకి కబురుపెట్టాను. ఆ రోజు రాలేదు. రెండు వారాలు పోయాక ఒక మధ్యాహ్నం, నేనొక్కణ్ణే ఉన్నప్పుడు, ఆ చేపల వ్యాను గేటు దగ్గర ఆగింది. ఆగేముందు బ్రేకులు కీచుమని అరిచాయి. బ్రేకు లైనింగులు అరిగి ఇనుము ఇనుముని రాస్తున్న చప్పుడు. ఆయన దిగి, షెడ్డంతా నెమ్మదిగా తిరిగి చూశాడు. “బాగుంది బాబూ” అన్నాడు. “మేస్త్రి ఎవులు?” అని అడిగాడు. “నేనేనండి” అన్నాను. ఆయన నా వైపు చూశాడు, తన బండి వైపు చూశాడు. “బ్రేకులు చూడమంటారా? గంటలో అయిపోతుంది” అన్నాను. “అబ్బే, దానికేటీ నేదు బాబూ. నిన్ను సూసి పోదామనొచ్చినాను” అని, మంచినీళ్ళు తాగి, బండెక్కాడు.

వ్యాను మెల్లగా రోడ్డెక్కింది. మలుపు దగ్గర ఆ బ్రేకులు మరోసారి అరవడం షెడ్డులోకి స్పష్టంగా వినిపించింది. ఆ మలుపు తిరిగితే నాలుగు షెడ్ల అవతల ఇంకో మెకానిక్ ఉన్నాడు. చప్పుడు సరిగ్గా అక్కడే ఆగింది. నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో కొంచెం నీళ్ళు కూడా. జేబులో టెస్టరు పెట్టుకుని తిరిగిన నన్ను గుర్తు తెచ్చుకుంటే, ఆ కుర్రాడికి నా బండి నేను మాత్రం ఇస్తానా?